చెత్తకుప్ప విడిచే మీథేన్‌ను లెక్కించడం ఎలా?

చెన్నై మహానగరపు చెత్త దశాబ్దాలుగా రెండు చోట్లకు చేరుతున్నది. ఉత్తరాన కొడుంగయ్యూరు, దక్షిణాన పళ్ళికరణై చిత్తడినేలను ఆనుకొని ఉన్న పెరుంగుడి. 2022 ఏప్రిల్ నెలాఖరులో పెరుంగుడి కుప్ప అంటుకొని, రోజుల తరబడి పొగ కక్కింది. ఇటువంటి కుప్పలలో పైన మంట ఆరినా లోపల నిప్పు రగులుతూనే ఉంటుంది. అందుకు తోడ్పడే వాటిలో ఒకటి మీథేన్ వాయువు.

మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. వాతావరణంలో చేరితే, నూరేళ్ళ కాలానికి లెక్కించినప్పుడు, అంతే బరువుగల కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు అధికంగా భూమిని వేడెక్కిస్తుంది. కనబడని ఈ వాయువును రెండు విధాలుగా అంచనా వేస్తారు.

మొదటి విధానం: చెత్తను బట్టి లెక్క

అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు, కాగితం వంటివి కుప్ప అడుగున గాలి తగలక కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. ప్లాస్టిక్కు, గాజు, ఇటుక ముక్కల నుండి అది పుట్టదు. కనుక కుప్ప ఎంత పెద్దదన్న దానికంటే, అందులో కుళ్ళే పదార్థం ఎంత ఉన్నదన్నది ముఖ్యం. వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం, అనగా ఐ.పి.సి.సి., సూచించిన గుణకాలతో 1 టన్ను ఆహార వ్యర్థాల లెక్క ఈ విధంగా ఉంటుంది.

1. కుళ్ళగల కర్బనం 15 శాతం: 1,000 కిలోలలో 150 కిలోలు.
2. అందులో నిజంగా కుళ్ళేది సగం: 75 కిలోలు.
3. 5 మీటర్లు, అంతకు మించి లోతున్న, నిర్వహణ లేని కుప్పకు గుణకం 0.8: 60 కిలోలు.
4. వెలువడే వాయువులో మీథేన్ సగం: 30 కిలోల కర్బనం.
5. కర్బనం బరువును మీథేన్ బరువుగా మార్చడానికి 16/12తో గుణించాలి: 40 కిలోల మీథేన్.

28 రెట్ల లెక్కన ఈ 40 కిలోలు 1,120 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అంటే పారవేసిన తిండి కంటే దాని వల్ల కలిగే వాతావరణ భారమే ఎక్కువ.

ఈ వాయువంతా ఒక్కనాడే వెలువడదు. వాన అధికంగా కురిసే ఉష్ణప్రాంతాలలో ఆహార వ్యర్థాలలోని కుళ్ళే భాగం సగానికి తగ్గడానికి సుమారు 2 ఏళ్ళు, కాగితానికి సుమారు 10 ఏళ్ళు పడుతుంది. అందుచేత కుప్పకు చెత్త తేవడం నేడే మానినా, నిన్నటి చెత్త మరికొన్నేళ్ళు మీథేన్‌ను విడుస్తూనే ఉంటుంది.

రెండవ విధానం: నేల మీద కొలత

కుప్ప ఉపరితలంపై అడుగు లేని పెట్టెను బోర్లించి, అందులో చేరిన వాయువును కొంతకొంత వ్యవధిలో తీసి పరీక్షిస్తారు. చెన్నైలో 2003–04లో ఈ విధంగా కొలిచిన శాస్త్రజ్ఞులు తమ ఫలితాలను 2008లో ప్రచురించారు. గంటకు ఒక్కొక్క చదరపు మీటరు నుండి కొడుంగయ్యూరులో 1 నుండి 23.5 మిల్లీగ్రాముల వరకు, పెరుంగుడిలో 0.9 నుండి 433 మిల్లీగ్రాముల వరకు మీథేన్ వెలువడింది. ఒకే కుప్పలో చోటుకూ చోటుకూ, వేళకూ వేళకూ ఎంత భేదమో ఈ అంకెలే చెబుతున్నాయి.

2000 సంవత్సరానికి నగరం మొత్తం మీద వారి అంచనా సుమారు 120 టన్నులు. 1996 నాటి ఐ.పి.సి.సి. పద్ధతితో వచ్చే సంఖ్య కంటే ఇది తక్కువ. కుప్ప లోతు తక్కువైన చోట గాలి చొరబడి మీథేన్ పుట్టుక తగ్గుతుంది. చెత్త కాలిపోతే కుళ్ళే పదార్థమూ తరుగుతుంది. మరొకవంక, పగుళ్ళ నుండి ఎగదన్నే వాయువు పెట్టె పెట్టిన చోట చిక్కకపోవచ్చు. అందువల్ల ఏ ఒక్క సంఖ్యనూ తుదిమాటగా తీసుకోక, రెండింటినీ పోల్చి చూడడం మేలు.

ఇంటి లెక్క

గుణకాలను మార్చడం గృహస్థుల చేతిలో లేదు. మొదటి మెట్టులోని బరువును తగ్గించడం మాత్రం వారి చేతిలోనే ఉన్నది. రోజుకు 1 కిలో తడి చెత్తను పారవేసే కుటుంబం ఏడాదికి 365 కిలోలు పంపుతుంది. అదంతా ఆహార వ్యర్థమై లోతైన కుప్పకు చేరితే పై లెక్క ప్రకారం 14.6 కిలోల మీథేన్ పుడుతుంది. అదే తడి చెత్తను గాలి ఆడేటట్లు ఎరువుగా మారిస్తే మీథేన్ స్వల్పమే. మూసిన తొట్టిలో కుళ్ళబెడితే ఆ మీథేనే వంటకు, వాహనాలకు ఇంధనమవుతుంది. రెండింటికీ చెత్త వేరుపడి ఉండాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్తలను ఇంటి వద్దనే విడదీయమని చెప్పిన దానిలోని ఆంతర్యం ఇదే.

ఈ నగరపు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాతృభాషగా గల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కలిపి పడేసిన చెత్తను చేతితో ఏరవలసి వచ్చేది కార్మికులకే. కుప్ప అంటుకున్ననాడు ఆ పొగను ముందుగా పీల్చేది అక్కడ పనిచేసేవారు, ఆ చుట్టుపక్కల నివసించేవారు. వంటింట్లో రెండు బుట్టలు వేరుగా ఉంచడం వారికి చేయగల తొలి మేలు.

అభ్యాసం: ఒక కుటుంబం వారం రోజులు తన తడి చెత్తను తూచగా 6 కిలోలు వచ్చింది. పై పద్ధతిలో దాని నుండి పుట్టగల మీథేన్ ఎంత? (జవాబు: 240 గ్రాములు)