అద్దె గదిలో వంటగట్టు: అంటించే షీటు, దాని రసాయనం

చదువు కోసం గది అద్దెకు తీసుకున్నవారికి మరకలు పట్టిన వంటగట్టు పరిచయమే. బండ మార్పించడం మన చేతిలో లేదు. ఇచ్చిన అడ్వాన్సు మాత్రం ఇంటివారి చేతిలో ఉంది. కనుక ఖాళీ చేసేటప్పుడు ఊడదీయగల ఉపాయం కావాలి. వెనుక జిగురున్న పి.వి.సి. షీటు అటువంటిదే.

గట్టుకు తరచు వేసే నల్లని కడపబండ సున్నపురాయి జాతిది. అంటే ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. చింతపండు, నిమ్మకాయ పులుపు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వెలువడి, నునుపు పోతుంది. మరక పోవాలని యాసిడ్ పోస్తే బండే పాడవుతుంది! సబ్బునీళ్ళతో కడిగి, ఒకరోజు ఆరనివ్వాలి.

ఎన్నికల పోస్టర్లకు పూసే మైదా జిగురులాగా ఈ జిగురు ఎండి గట్టిపడదు. నొక్కినకొద్దీ మెల్లగా పరుచుకుని బండను హత్తుకుంటుంది. దుమ్ము, నూనె, తడి అడ్డుంటే ఆ పట్టు చిక్కదు. కొలతకు రెండంగుళాలు ఎక్కువ కోసి, వెనుక కాగితం కొంచెం కొంచెంగా లాగుతూ, నడుమనుంచి అంచులకు పొడిగుడ్డతో నొక్కండి. బుడగ వస్తే సూదితో పొడిస్తే చాలు.

ఈ షీటు 80 డిగ్రీల సెంటిగ్రేడు చేరకముందే మెత్తబడుతుంది. మరిగే నీళ్ళే 100 డిగ్రీలు. అందుచేత స్టవ్వు దగ్గర షీటు వద్దు. దింపిన గిన్నె కింద చెక్కపీట వెయ్యండి.

తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేసి, మూలనుంచి మెల్లగా లాగాలి. అన్నిటికంటే ముందు ఇంటివారితో ఒక మాట చెప్పి, చిన్న ముక్క ఓ మూల వారంరోజులు అంటించి చూడండి. అడ్వాన్సు దక్కాలంటే ఈ పరీక్ష కూడా పాసవ్వాలి మరి!