బండల మీద చెక్క

సికింద్రాబాద్,
పద్మారావునగర్.

చిరంజీవి బుజ్జికి,


నిన్న ఫోనులో అన్నీ వివరంగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. దాచుకుని మేస్త్రీకి కూడా చదివి వినిపించు. మారేడ్‌పల్లి ఇంట్లో పడకగది చెక్క ఫ్లోరింగ్ అంచులు ఉబ్బాయనీ, తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంటోందనీ అన్నావు. బాబుకి దగ్గు కూడా ఉందన్నావు కాబట్టి ముందు వాడి పడక హాల్లోకి మార్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో బూజుందని మర్చిపోకుండా చెప్పు.

పైన ఏదైనా మందు కొట్టిస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదమ్మా. బూజుని బతికించేది చెమ్మ. అది ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చకపోతే ఎన్ని మందులు కొట్టినా మళ్ళీ పడుతుంది. ఆ గదికి ఆనుకునే బాత్రూం ఉంది కదా, నా మొదటి అనుమానం దానిమీదే. ఒక రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టుకో. పొద్దున్నకి మట్టం దిగితే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టే. దిగకపోతే ఆ బాత్రూం వాడకం కొన్నాళ్ళు ఆపి చూడు. గోడ అడుగు ఆరుతూ వస్తే లోపం నీళ్ళు పోయే నహానీ ట్రాప్ దగ్గరో, టైల్స్ సందుల్లోనో ఉంటుంది. ప్లంబరు పని పూర్తయ్యాకే చెక్క ఎత్తించు.

ఎత్తేరోజు బాబుని ఇంట్లో ఉంచకు. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి. గది తలుపు మూసి, కిటికీలు తీసి, ఫ్యాను గాలి బయటికి పోయేలా కిటికీ దగ్గర పెట్టండి. చెక్క కింద పల్చటి తెల్ల ఫోము ఉంటుంది. దాని అడుగున నల్లటి మచ్చలు కనిపిస్తాయి. దాన్ని కడిగి దాచుకోవాలని చూడకు, సంచిలో మూటకట్టి పారెయ్యి. ఉబ్బిన చెక్క కూడా అంతే. పొడి చీపురుతో మాత్రం ఊడవొద్దు, బూజు పొడి ఇల్లంతా లేస్తుంది. కింది బండల్ని తడిపి, సబ్బునీళ్ళతో గట్టిగా తోమించు. బండల మీద తెల్లగా పొడి కనిపిస్తే రెండు చుక్కల నీళ్ళు వేసి చూడు. కరిగిపోతే అది నేలలోంచి తేలిన ఉప్పు, బూజు కాదు. బ్లీచింగ్ వాడితే దానితో పాటు యాసిడ్ గానీ బాత్రూం క్లీనర్ గానీ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే చాలావరకు బూజు పట్టదనీ, పట్టిన మేర 10 చదరపు అడుగులు దాటకపోతే సాధారణంగా ఇంట్లోవాళ్ళే శుభ్రం చేసుకోవచ్చనీ అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెబుతుంది. మీ గదిలో అంతకు మించి ఉంటే పని తెలిసినవాళ్ళని పిలిపించు.

ఇక ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. 2020 అక్టోబరులో నాలాలు పొంగి మన ఊళ్ళో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి, గుర్తుందా? మన చుట్టాలింట్లో నీళ్ళు తోడేసి, పైన పరిచిన వినైల్ షీటు తియ్యకుండా వదిలేశారు. దీపావళికల్లా ఇల్లంతా వాసన. పక్కవాటాలో ఉత్త షాబాద్ బండలు. కడిగి, తలుపులు తీసి పెడితే ఆరిపోయాయి. మీ ఇంట్లోవీ ఆ బండలే. ఇలాంటి పాత ఇళ్ళల్లో నేల చెమ్మ బండల సందుల్లోంచి పైకొచ్చి గాలికి ఆరిపోతుంది. పైన ఫోము, చెక్క కప్పితే ఆ దారి మూసుకుపోతుంది. కడిగిన బండలు ఆరాయనిపించాక చదరం ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు ఉంచు. అడుగున నీటిబొట్లు పట్టినా, బండ రంగు ముదిరినా ఇంకా చెమ్మ ఉన్నట్టే. వానాకాలంలో ఇంకా ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి.

ఆ గదిలో మళ్ళీ చెక్క వేయించొద్దు. బాగుంటుందని ఎవరెంత చెప్పినా వినకు. బండలకి పాలిష్ పట్టించు, చాలు. చెక్క ఎత్తించే రోజు ముందుగా ఫోను చెయ్యి, బాబుని మా ఇంటికి తెచ్చుకుంటాను.

ఇట్లు,
పెద్దమ్మ