తేనెసీసాపై లేబిలు

తేనెటీగల పెట్టెలు పెట్టుకొనిన రైతు తేనె తీయుటలో చూపు శ్రద్ధను సీసాపై అంటించు కాగితము విషయమున చూపుట అరుదు. బ్రాందిసీసాను కడిగి, దాని పాత చీటీని సగము చింపి, మిగిలిన సగముమీదనే 'తేనె' యని వ్రాసి సంతకు పంపుట మేము పెక్కుచోట్ల చూచుచున్నాము. లోపలి సరకు ఎంత మేలైనదైనను కొనువాడు మొదట చూచునది ఆ కాగితమునే.

ద్రాక్షరసమును పులియబెట్టి సీసాలకెత్తి, వానికి చీటీలు వేయుటనుగూర్చి అడుగు సభ్యులును కలరు. అనుమతిపత్రము లేక సారాయము చేయుట ఎక్సైజు చట్టముక్రింద నేరము. అట్టి సీసాపై పేరును ఊరును ముద్రించినచో, చీటీ ఎంత అందముగా నున్నను అది చేసినవానిని పట్టియిచ్చు సాక్ష్యమే యగును. కావున ఆ మాట విడిచి తేనెకు వత్తము.

లేబిలుమీద అన్నిటికంటె ఎక్కువ తగవు తెచ్చునది తూకము. లీటరు నీరు ఒక కిలో తూగును. లీటరు తేనె సుమారు 1.4 కిలోలు తూగును. అనగా అరకిలో తేనెకు సుమారు 360 మిల్లీలీటర్ల చోటు చాలును. ఈ భేద మెఱుగని రైతు అరలీటరు సీసాను నిండ నింపి, దానిపై '500' అని మాత్రము వ్రాసి, అరకిలో వెలకు అమ్మును. ఆ సీసాలో నున్నది నిజముగా 700 గ్రాములు. నూఱు సీసాలమ్మినచో 20 కిలోల తేనె ఊరక పోయినట్లే. ఇక 360 మిల్లీలీటర్ల సీసాపై '500' అని వ్రాసినచో కొనువాడు కొలతపాత్ర తెచ్చి మోసమని కేకలు వేయును. కావున తేనెను తూకముననే అమ్మవలెను. అంకె ప్రక్కన 'గ్రాములు' అని తప్పక యుండవలెను. పాతసీసాల బరువు ఒక్కతీరున నుండదు గనుక ప్రతి సీసాను ఖాళీగా తూచి, నింపిన పిమ్మట మరల తూచి, భేదమును చూడవలెను.

చట్టము కోరునవి కొన్ని గలవు. సరకు పేరు, నికర తూకము, నింపినవారి పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదు చెప్పుకొనుటకు ఫోను సంఖ్య, నింపిన తేదీ, ఎంతకాలము లోపల వాడవలయునో ఆ తేదీ, పన్నులన్నియు చేరిన గరిష్ఠపు ధర, ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి 14 అంకెల సంఖ్య, చదరపు గీత నడుమ ఆకుపచ్చ చుక్క ఉండవలెను. 2022 సంవత్సరము నుండి గ్రాము ఒక్కింటి ధరయు వేయవలసియున్నది. అరకిలో సీసా వెల 250 రూపాయలనుకొందము. అప్పుడు గ్రామునకు 50 పైసలని వ్రాయవలెను. ఈ వివరములు ఇంగ్లీషునగాని దేవనాగరి లిపిలో హిందీయందుగాని యుండవలెనని నియమము. తెలుగును అదనముగా చేర్చుటకు అడ్డు లేదు. మన సంతలో కొనువారు చదువునది తెలుగే గనుక రెండును వేయుట మేలని మా యభిప్రాయము.

వరుససంఖ్యను చాలమంది లెక్కచేయరు. మేము దానికే ఎక్కువ విలువ నిత్తుము. తేనెలో నీరు నూటికి 20 పాళ్లు మించినచో అది పులియుటకు వీలగును. పులిసిన సీసా ఒకటి తిరిగివచ్చినప్పుడు, ఏ పెట్టెనుండి ఏ నాడు తీసిన తేనెయో పుస్తకములో తెలిసినచో ఆ పూట నింపిన సీసాలను మాత్రమే వెనుకకు రప్పించవచ్చును. సంఖ్య లేనిచో సంఘమువారి సీసాలన్నిటిని అనుమానింపవలసి వచ్చును. ఒకరి తొందర పదిమంది సభ్యుల కష్టమును ముంచును.

తేనె పేరుకొనుట మఱియొక చిక్కు. చలికి అడుగున పలుకులు కట్టగానే చక్కెరపాకము కలిపిరని కొనువారు అందురు. తేనెలోని గ్లూకోజు గడ్డకట్టుట స్వభావము. 'చలికి పేరుకొనవచ్చును, సీసాను గోరువెచ్చని నీటిలో నుంచిన కరగును' అని లేబిలుమీద ఒక పంక్తి వేసినచో సగము తగవులు తీరును. అయితే పేరుకొనుటయే స్వచ్ఛతకు గుర్తని వ్రాయరాదు, కల్తీతేనెయు పేరుకొనవచ్చును.

ఇంకొక పంక్తి తప్పక వేయుడు: 'ఏడాది నిండని శిశువులకు పెట్టరాదు.' పురిటిబిడ్డకు తేనె నాకించు ఆచారము మన యిండ్లలో నున్నది. తేనెయందు ఒక్కొక్కప్పుడు ఉండు బొటులిజము క్రిమిబీజములు పెద్దల కడుపులో నిలువవు గాని పసికందుల ప్రేగులలో పెరిగి విషము పుట్టించి ప్రాణము మీదికి తెచ్చును. స్వచ్ఛమైన తేనెయైనను ఈ భయము తప్పదు.

మధుమేహమును కుదుర్చునని, కన్నులకు మందని వ్రాయుట మానుడు. 2006 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము తప్పు లేబిలుకు మూడు లక్షల వఱకు, మోసపు ప్రకటనకు పది లక్షల వఱకు జుల్మానా గలదు. ప్రొద్దుతిరుగుడు చేలలో పెట్టెలుంచి 'అడవితేనె' యనుటయు అబద్ధమే. ప్రొద్దుతిరుగుడు పూల తేనె యని నిజము వ్రాసిన లోటేమి?

కాగితపు కొలతకు సీసాచుట్టు దారము త్రిప్పి చూడుడు. 750 మిల్లీలీటర్ల సీసా చుట్టుకొలత సుమారు 23 సెంటీమీటర్లుండును. దానికి 10 సెంటీమీటర్ల వెడల్పు లేబిలు చాలును. మిగిలిన గాజుగుండ తేనె రంగు కనబడవలెను. సీసా మెడవంపుమీద కాగితము నిలువదు, తిన్నని భాగముననే అంటించవలెను. తెల్లకాగితముపై నల్లని అక్షరములు చాలును. దేవతల బొమ్మలు వేయువారు ఖాళీసీసా చివరకు పెంటకుప్పపై పడునని తలచుకొనవలెను.

నింపిన సీసాను వేడినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టిన పిమ్మటనే జిగురు రాయుడు. వెలుపల తేనె జిడ్డున్నచో చీటీ జారును, చీమలు పట్టును. చింతగింజల జిగురు మంచిది. పురుగు పట్టకుండ పుస్తకములకు వాడు మైలుతుత్తపు బంక ఆహారపు సీసాలకు పనికిరాదు. తేదీని నీటికి కరగని సిరాతో వేయవలెను.

అచ్చునకిచ్చుటకు ముందు చిత్తుప్రతిని ఆహారభద్రతాధికారికి చూపుడు. మొదటిసారి వేయికి బదులు రెండువందలు అచ్చువేయించిన చాలును. వానిలో నొకటి సంఘపు పుస్తకములో, ఆనాటి వరుససంఖ్య ప్రక్కన, అంటించి యుంచుడు.