బండి నిలిపినందుకు నోటీసు: చెల్లింపవలెనా, కోర్టులో పోరాడవలెనా?

పైరున మచ్చ కనబడిన వెంటనే మందు చల్లువాడు తెలివిగల రైతు కాడు. చూచియు చూడనట్లుండువాడు అంతకంటెను కాడు. ముందు ఆకు తిప్పి చూచి, తెగులేదో తెలిసికొని, మందు వెలను పంట విలువతో సరిపోల్చి, పిమ్మట చేయి కదపవలెను. ఈ మాసపు పాఠము పొలమును గూర్చినది కాదు గాని పద్ధతి మాత్రము అదియే.

మన సంఘ సభ్యుల బిడ్డలు కొందరు ఇంగ్లాండులో చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. వారి చదువులలో కొన్ని మన పొలముల తాకట్టు మీదనే సాగినవి. ఇటీవల ముగ్గురు సభ్యులు వేర్వేరు సమయములందు మా యొద్దకు వచ్చి, బిడ్డలు ఫోనులో పంపిన కాగితములను చూపిరి. "కారు నిలిపినందుకు జుల్మానా పడినదట. జైలు గాని పడునా? అప్పుచేసి పంపవలెనా?" అని వారి ప్రశ్న. ఆ మూడు వ్యవహారములును మూడు విధములుగా ముగిసినవి. వానినుండి మేము నేర్చినది ఇచట వ్రాయుచున్నాము.

ఇది జుల్మానా కాదు

పరుల చేలో పడిన పశువును బందెలదొడ్డికి తోలి, రుసుము చెల్లించువరకు నిలిపియుంచుట మనమెరిగినదే. ఇంగ్లాండులోను పూర్వము ప్రైవేటు స్థలములలో నిలిపిన కార్ల చక్రములకు ఇనుప బిగింపులు వేసి సొమ్ము పుచ్చుకొనెడివారు. 2012 సంవత్సరపు స్వేచ్ఛల పరిరక్షణ చట్టము ఆ పద్ధతిని నిషేధించినది. నేడు ఆ స్థలమును నడపు కంపెనీ చేయగలిగినవి రెండే: నోటీసు పంపుట, సొమ్ము రానిచో సివిలు కోర్టులో దావా వేయుట. బోర్డుపై వ్రాసిన షరతులకు లోబడి బండి నిలిపితివి, షరతు తప్పితివి, గాన ఒప్పుకొన్న సొమ్మిమ్మని వారి వాదము. ఇది నేరము కాదు. దీనికి జైలు లేదు.

అయితే పురపాలక సంఘము గాని పోలీసులు గాని ఇచ్చు నోటీసు వేరు. దాని చట్టము వేరు, అప్పీలు మార్గము వేరు. కావున కాగితము పంపినదెవరో మొదట చదువవలెను. మేము చెప్పునది ఇంగ్లాండు, వేల్సులలోని ప్రైవేటు నోటీసులకే వర్తించును. స్కాట్లాండు సంగతి భిన్నము.

ఓడిన దావా నేర్పు పాఠము

2013 ఏప్రిలులో చెమ్స్‌ఫర్డు పట్టణమున ఒక అంగళ్ల ఆవరణములో బీవిస్ అనునతడు కారు నిలిపెను. రెండు గంటలు ఉచితము, మించినచో 85 పౌండ్లు అని అచట సుమారు 20 బోర్డులు కలవు. అతడు 56 నిమిషములు అధికముగ నుంచెను. కంపెనీకి కలిగిన నష్టమేమియు లేదనియు, ఇది శిక్షవంటి రుసుము గాన చెల్లదనియు వాదించి సుప్రీం కోర్టు వరకు పోయెను. 2015 నవంబరు 4వ తేదీన ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. వచ్చిన బండ్లు పోయి, క్రొత్త బేరగాండ్లకు చోటు దొరకుట ఆ స్థలమునకు న్యాయమైన ప్రయోజనమనియు, రుసుము మితిమీరినది కాదనియు, బోర్డులు స్పష్టముగ నున్నవనియు దాని సారము.

మా మొదటి సభ్యుని కుమారుని సంగతియు ఇట్టిదే. బోర్డులు స్పష్టము; గడువు మీరినది 40 నిమిషములు. "అన్యాయము! ఎంతవరకైన పోరాడుదును" అని అతని పట్టుదల. కోపము సాక్ష్యము కాదని మేము జవాబు వ్రాసితిమి. 14 దినములలోనే 60 పౌండ్లు చెల్లించి అతడు తన చదువు చూచుకొనెను.

మూడు ప్రశ్నలు

పోరాడుటకు ముందు ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

ఒకటి: బోర్డు ఎట్లున్నది? చీకటిలో గాని, చెట్టుచాటున గాని, చదువరాని సన్నని అక్షరములలో గాని ఉన్నచో ఒప్పందమే కుదరలేదని వాదింపవచ్చును. ఆలస్యము చేయక ఫోటోలు తీయవలెను.

రెండు: తేదీలు సరిపోయినవా? కారు అద్దముపై కాగితమంటింపక, కెమెరా చిత్రములతోనే నోటీసు పంపినచో, అది 14 దినములలో రిజిస్టరు యజమానికి చేరవలెను. ఆలస్యమైనచో డ్రైవరును అడుగవచ్చును గాని, యజమానియను కారణముననే అతనిని బాధ్యుని చేయరాదు. అదియుగాక గడువు ముగిసిన పిమ్మట కనీసము 10 నిమిషముల వెసులుబాటీయవలెనని ఆ కంపెనీల నియమావళియే చెప్పుచున్నది.

మూడు: చేత రుజువేమి? రసీదు, బ్యాంకు లెక్క, చెడిన యంత్రపు ఫోటో, వైద్యుని కాగితము. నోటిమాట కంటె ఇవి మేలు. బండి ఆగిన కారణమును గూడ ఆలోచింపవలెను. తన నివాసపు వాకిట సామాను దించుటకు కొలది నిమిషములు ఆగుట "పార్కింగు" కాదని 2016లో ఆక్స్‌ఫర్డు కౌంటీ కోర్టు అప్పీలులో తీర్పు చెప్పెను.

మా రెండవ సభ్యుని కుమార్తె రుసుము చెల్లించియే బండి నిలిపినది. కాని యంత్రములో బండి నంబరు నొక్కునపుడు ఒక అక్షరము పొరబడినది. ఆమె యొద్ద రసీదు కలదు. మేము అప్పీలు చేయుమంటిమి. కంపెనీ మొదట నిరాకరించినను, పై విచారణకు పోగా నోటీసు రద్దయ్యెను. ఆమెకు ఖర్చైనది ఒక సాయంకాలము మాత్రమే.

లెక్క వేసి చూడుడు

నియమావళి ప్రకారము రుసుము సామాన్యముగ 100 పౌండ్లు మించరాదు. 14 దినములలో చెల్లించినచో 60. తడవు చేసినచో వసూలు ఖర్చుల పేర మరి 70 వరకు కలుపుదురు. దావా పడినచో కోర్టు రుసుము 35, వకీలు పేర 50. విచారణ వరకు పోయి ఓడినచో మరి 27. మొత్తము సుమారు 282 పౌండ్లు, దానిపై వడ్డీ. ఆ 70 న్యాయమైనది కాదని కొందరు జడ్జీలు కొట్టివేసిన సందర్భములును కలవు.

మొదట కంపెనీకి, పిమ్మట స్వతంత్ర అప్పీలు సంస్థకు మొరపెట్టుకొనుట ఉచితము. సంస్థ తీర్పు కంపెనీని బంధించును గాని వాహనదారుని బంధింపదు. అచట ఓడినచో తగ్గింపు పోయి 100 చెల్లింపవలసి రావచ్చును. అనగా పందెము 40 పౌండ్లే. పదింట నాలుగు పాళ్లు గెలుపు తోచినచో అప్పీలు గిట్టును. కాని 60తో పోవుదానిని 282 వరకు తీసికొనిపోవుటకు పదింట ఎనిమిది పాళ్లైనను నమ్మకముండవలెను. ఇది మొదటి దశలోని లెక్క.

దావా పడిన పిమ్మట లెక్క మారును. అప్పటికే కాగితముపై 255 పౌండ్లున్నవి. జవాబిచ్చి విచారణకు పోయి ఓడినను హెచ్చునది 27 మాత్రమే. చిన్న దావాలలో అసమంజసముగ ప్రవర్తించిననే తప్ప ఎదుటివారి వకీలు ఫీజు ఓడినవానిపై పడదు. గెలిచినవాడు పోగొట్టుకొన్న కూలి దినమునకు 95 పౌండ్ల వరకు కోరవచ్చును. కావున న్యాయమైన జవాబు కలవాడు ఆ దశలో వెనుకాడనక్కరలేదు. జవాబు లేనివాడు వెంటనే చెల్లించియో, రాజీపడియో తప్పుకొనవలెను. 2024 మే నుండి ఇట్టి దావాలలో టెలిఫోను ద్వారా ఉచితముగ రాజీ ప్రయత్నమొకటి విధిగ జరుగుచున్నది. ఏ దశలోనైనను గిట్టనిది ఒక్కటే: ఊరకుండుట.

ఊరకుండినవాని గతి

మూడవ సభ్యుని కుమారుడు గది మారెను గాని, బండి రిజిస్టరులో చిరునామా మార్పించుకొనలేదు. నోటీసు పాత ఇంటికి పోయెను. దావాకు ముందు 30 దినముల గడువుతో వచ్చు హెచ్చరిక పత్రమును అటులనే పోయెను. దావా పత్రము ముట్టిన పిదప 14 దినములలో బదులీయవలెను. ముట్టినదని కోర్టుకు తెలిపినచో జవాబుదావాకు మొత్తము 28 దినములు దొరకును. ఇవేవియు అతడెరుగడు. ఏకపక్షపు డిక్రీ అయ్యెను.

డిక్రీ సొమ్మును ఒక నెలలో చెల్లించినచో పేరు తీర్పుల రిజిస్టరు నుండి తొలగును. లేనిచో ఆరు సంవత్సరములు నిలుచును. అద్దెకు ఇల్లిచ్చువారును, అప్పిచ్చువారును ఆ రిజిస్టరును చూతురు. క్రొత్త ఇంటి యజమాని చూచి ఇల్లు నిరాకరించిన నాడే మన కుర్రవానికి సంగతి తెలిసెను. అప్పటికి నెల దాటిపోయెను. డిక్రీని రద్దు చేయుమని అర్జీ పెట్టుటకు రుసుము సుమారు 300 పౌండ్లు. పెట్టినను నిజమైన ప్రతివాదము కలదని చూపవలెను. అతనికి అట్టిది లేదు. సొమ్ము చెల్లించెను, మచ్చ మిగిలెను. "60 పౌండ్లతో పోవునది గదా!" అని తండ్రి మా యెదుట కూర్చుండి చాల సేపు మాటాడలేదు.

సభ్యులు బిడ్డలకు వ్రాయవలసినది

బిడ్డల చిరునామా మారినపుడెల్ల బండి రిజిస్టరులో మార్పించుమని చెప్పుడు. కాగితము వచ్చిన నాడే తేదీ వ్రాసి, పంపినదెవరో చూడుమనుడు. తప్పు తమదైనచో 14 దినములలో చెల్లింపుమనుడు. తమది కానిచో రుజువులు కూర్చి, నిజమే వ్రాసి, ఉచిత అప్పీలు చేయుమనుడు. దావా పడినచో గడువులోపల తప్పక జవాబీయుమనుడు. మీరును కోపముతో "పోరాడు" మనకుడు, భయముతో పొలము అమ్మజూపకుడు.

నోటీసునకు బదులు వ్రాయుట అరగంట పని. అది మానినందుకు ఆ కుర్రవాడు ఆరు సంవత్సరములు మచ్చ మోయుచున్నాడు.