పరిశోధన ఖర్చు లెక్కకు వచ్చు విధము

విత్తనాల కంపెనీలవారు గ్రామములలో పొలము కౌలుకు తీసికొని, వరుసకొక రకము నాటి, గుర్తు బిళ్ళలు కట్టి పెంచుచుండుట పంచాయతీ సభ్యులు చూచియే యుందురు. క్రొత్త వంగడము కొరకు ఇట్టి మళ్ళపై పెట్టిన ఖర్చు దేశపు లెక్కలలో ‘పరిశోధనాభివృద్ధి’ పద్దున చేరును. అదే కంపెనీ అమ్మకపు సంచులలోని గింజలకు మొలక పరీక్ష చేయించినచో ఆ ఖర్చు చేరదు. ఫలితము ముందుగా తెలియని క్రొత్త ప్రయత్నమే పరిశోధన. నిత్యము జరుగు తనిఖీ పరిశోధన కాదు. ఈ విభజన నియమములు 1963లో ఇటలీలోని ఫ్రాస్కాటీ పట్టణమున పలుదేశముల నిపుణులు కూడి చర్చించినవి. సవరణలతో నేటికిని అవే చెల్లుచున్నవి.

మన దేశమున కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖవారు సంస్థలకు ప్రశ్నావళి పంపి ఈ లెక్క తీయుదురు. 2020–21లో పరిశోధనకైన మొత్తము ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమనియు, ఆ ఖర్చులో ప్రైవేటు పరిశ్రమల వంతు 36.4 శాతమనియు తేలినది. పరిశ్రమలకు పన్ను రాయితీ ఇయ్యవలెనా, ప్రభుత్వమే ప్రయోగశాలలు పెంచవలెనా అను చర్చలకు ఈ అంకెలే ఆధారము.

అంకె తప్పినచో చర్చయు దారి తప్పును. బ్రిటనులో 2020వ సంవత్సరమునకు వ్యాపార సంస్థల పరిశోధన ఖర్చు సుమారు 2,690 కోట్ల పౌన్లని మొదట ప్రకటించిరి. పన్ను రాయితీ కోరుచు సంస్థలు చూపిన ఖర్చు అంతకంటె చాల ఎక్కువగా నుండెను. విచారింపగా, సర్వేలో చిన్న సంస్థలకు తగిన చోటు దొరకలేదని బయటపడినది. 2022లో ఆ అంకెకు సుమారు 1,600 కోట్ల పౌన్లు కలుపవలసి వచ్చెను! పెద్ద సంస్థలను వదలక లెక్కించినను, చిన్నవారు జారిపోయినందున ఇంత తేడా వచ్చినది.

మన ఊళ్ళలో గొర్రును నేలకు తగినట్లు మార్చి చూచు కమ్మరి పనిని ఏ ప్రశ్నావళియు అందుకొనలేదు. ఖర్చు వ్రాసి యుంచని పని ఎంత తెలివైనదైనను లెక్కకు దొరకదు. ఇది విచారింపదగిన లోటని మేము తలంతుము.

2008 నాటి గణాంక సేకరణ చట్టము, వివరములు సేకరింపగల ప్రభుత్వములలో కేంద్ర, రాష్ట్రములతోపాటు పంచాయతీలను కూడ చేర్చినది. ఏదేని ప్రశ్నావళి అందిన మిల్లు యజమాని ‘ఇది పన్ను వేయుటకేనా?’ యని మిమ్ము అడుగవచ్చును. ఈ చట్టము క్రింద సేకరించిన ఒక్కొక్కరి వివరములను గణాంకములకు దప్ప వేరొక పనికి వాడరాదని చెప్పుడు. పరిశోధన ఖర్చు లేనివారు సున్న వ్రాసియైనను ఫారము పంపవలెను. అది తిరిగి రానిచో, ఖర్చు లేదో, చెప్పలేదో అధికారులకు తెలియదు.