బలిపీఠం ముందు, పునాది తరువాత

ఆత్మకూరు



సోమశిల నీటిలో ఊళ్ళు పోగొట్టుకుని ఉదయగిరి వైపు వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళను కూడగట్టి, కాలనీలో పెద్ద గుడి కట్టాలని మీ కుర్రాళ్ళు తలపెట్టారని రాశావు. సంతోషం. కానీ చందాలు పూర్తయి గోపురం లేచేదాకా భజన, ఉత్సవం ఏదీ మొదలుపెట్టకూడదని తీర్మానించారట. ఆ తీర్మానం మార్చుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఊరూ గుడీ పోయినవాళ్ళం మనమే మొదటివాళ్ళం కాదు. క్రీస్తుకు పూర్వం 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టి యూదులను చెరపట్టుకుపోయాడు. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచి, మరుసటి ఏడు వాళ్ళను తిరిగి వెళ్ళనిచ్చాడు. దోచుకొచ్చిన వెండి బంగారు పాత్రలు 5,400 తిరిగి అప్పగించాడని, 42,360 మంది ప్రయాణమయ్యారని ఎజ్రా గ్రంథం లెక్క చెబుతుంది. మీ ఉదయగిరి చర్చిలో ఎవరినడిగినా ఆ గ్రంథం చేతికిస్తారు, శ్రద్ధగా చదువు. వాళ్ళు ఏ పని తరువాత ఏ పని చేశారో ప్రత్యేకంగా గమనించు.

వచ్చినవాళ్ళు మొదట కట్టింది గుడి కాదు. పాత చోటనే బలిపీఠం నిలబెట్టి, ఉదయం సాయంత్రం అర్పణలు మొదలుపెట్టి, పర్ణశాలల పండుగ చేసుకున్నారు. అప్పటికి ఆలయానికి పునాది కూడా పడలేదని గ్రంథం స్పష్టంగా చెబుతుంది. రెండో ఏట పునాది పడినప్పుడు పాత గుడిని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు బావురుమన్నారు, కుర్రాళ్ళు ఆనందంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది సంబరమో తెలియలేదట. ఆ తరువాత పొరుగువాళ్ళ అడ్డంకులతో పని ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. దర్యావేషు రాజు ఆరో ఏట, అంటే 515 ప్రాంతంలో గాని పూర్తి కాలేదు. పండుగలన్నీ గుడి పూర్తయ్యాకే అనుకుని ఉంటే, బబులోనులో పుట్టి వచ్చిన పిల్లలు ఒక్క పండుగైనా చూడకుండా పెద్దవాళ్ళయ్యేవారు. మీ కాలనీ పిల్లలకు అదే జరుగుతుందేమోనని నా భయం.

వాళ్ళకు తిరిగి వెళ్ళడానికి ఊరుంది, మన ఊరి మీద నీళ్ళున్నాయి, పోలిక ఎలా కుదురుతుందని నువ్వు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే వాళ్ళు చేరుకున్నదీ పాత ఊరు కాదు. దాదాపు యాభై ఏళ్ళు గడిచాయి, వచ్చినవాళ్ళలో చాలామంది ఆ నేలను అంతకుముందు చూడనేలేదు. గర్భాలయంలో ఉండవలసిన నిబంధన మందసం దొరకలేదు. కొత్త ఆలయంలో ఆ చోటు ఖాళీగానే మిగిలింది. పైగా యూదుల్లో చాలామంది బబులోనులోనే ఉండిపోయారు. నిప్పూరులో దొరికిన మురషూ కుటుంబపు మట్టి పలకల్లో, క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దపు లావాదేవీల మధ్య యూదుల పేర్లు కనిపిస్తాయి. చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా ప్రవక్త పంపిన లేఖ సారాంశం కూడా ఇదే: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి. వెయ్యేళ్ళ తరువాత యూదుల ధర్మగ్రంథమైన బబులోను తాల్మూదు పుట్టింది ఆ ఉండిపోయినవాళ్ళ వారసుల మధ్యనే. మన దగ్గరా చూడు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకుపోయి మరుసటి ఏడు హంపిలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మన కృష్ణుడికి కోరెషు దొరకలేదు. అయినా ఉదయగిరి సీమలో కృష్ణాష్టమి ఆగిపోలేదు.

హగ్గయి ప్రవక్త సంగతేమిటని బైబిలు తెలిసిన నీ స్నేహితుడెవరైనా అడ్డు తగలవచ్చు. మీరు మంచి ఇళ్ళలో ఉంటే దేవుడి ఇల్లు పాడుబడి ఉందని ఆయన జనాన్ని గద్దించిన మాట నిజం. కానీ ఆయన గద్దించింది ఎవరిని? ఇంకా సమయం రాలేదని వాయిదా వేస్తున్నవాళ్ళను. మీ తీర్మానమూ వాయిదాయే. ఇంతకంటే గట్టి ఆధారం నెహెమ్యా గ్రంథంలో ఉంది. ఆలయం పూర్తయి డెబ్బై ఏళ్ళు దాటినా జనజీవితం చితికిపోయే ఉంది. అప్పుడు శాస్త్రి ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథాన్ని గుడిలోకి కాదు, నీటి గుమ్మం ముందున్న వీధిలోకి తెచ్చాడు. కొయ్యపీఠం ఎక్కి తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ విన్నారు. ఆలయ సేవకులైన లేవీయులు జనం మధ్య తిరిగి అర్థం విడమరిచి చెప్పారు. విని ఏడ్చినవాళ్ళతో, ఏడవకండి, వెళ్ళి భోంచేయండి, ఏమీ లేనివాళ్ళకు వంతులు పంపండి అన్నారు. రాతికట్టడం డెబ్బై ఏళ్ళలో చేయలేని పని అక్కడ మొదలైంది.

దానికి ముందే జరిగిన మరో సంగతి నీ చందాల పుస్తకానికి నేరుగా సంబంధించినది. 52 రోజుల్లో పట్టణపు గోడ లేపిన నెహెమ్యాకు, పని నడుస్తుండగానే పేదల గోడు వినబడింది. కరువుకు ధాన్యం కోసం పొలాలు తాకట్టుపెట్టాం, రాజు పన్నుకు అప్పు చేశాం, మా పిల్లలు దాస్యానికి పోతున్నారు అన్నారు. అప్పిచ్చింది సొంతవాళ్ళే. ఆయన సభ పిలిచి, పొలాలూ వడ్డీలూ తిరిగి ఇప్పించాడు. తనకు హక్కుగా వచ్చే అధికారి భత్యాన్ని పన్నెండేళ్ళు ముట్టలేదు. కాబట్టి నష్టపరిహారం అప్పులకే చెల్లిపోయిన ఇంటి దగ్గర, వర్షాలు లేక మెట్ట పైరు ఎండిపోయిన ఇంటి దగ్గర, తలకింత అని చందా రాయకు.

ఆ పెద్దలు చేసినదంతా నేను ఒప్పుకోను. పొరుగువాళ్ళు వచ్చి మేమూ మీతో కడతామంటే కాదన్నారు. అన్యజాతి భార్యలను పిల్లలతో సహా పంపించేయమన్నారు. చిన్న జాతి కరిగిపోకుండా ఉండాలంటే కంచె తప్పదని వాళ్ళ తరఫున వాదించవచ్చు, ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా గెరిజీము కొండ మీద ఆ పొరుగు సమరయులకు వేరే గుడి వెలిసింది, ఆ చీలిక నేటికీ మానలేదు. దావీదు ముత్తవ్వ మోయాబు స్త్రీ అని చెప్పే రూతు కథ కూడా అదే బైబిలులో ఉంది. మన దగ్గరా అలాంటి కంచె ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన కొందరు తాము ఎఫ్రాయీము గోత్రపు యూదులమని చెప్పుకుంటూ, 1990ల తొలినాళ్ళ నుంచి చిన్న ప్రార్థనాలయం పెట్టుకుని హీబ్రూ నేర్చుకుంటూ విశ్రాంతి దినం పాటిస్తున్నారు. వాళ్ళ విశ్వాసాన్ని కులబాధకు మాత్రమే కుదించడం అన్యాయం. కానీ మన గుళ్ళ గడపలు తరతరాలుగా వాళ్ళను ఎక్కడ నిలబెట్టాయో మరిచిపోవడం అంతకంటే పెద్ద అన్యాయం. ముంపు అన్ని కులాల ఇళ్ళనూ ముంచింది. మీ కమిటీలో మాత్రం అన్ని కులాలూ లేవని నువ్వు రాసిన పేర్లను బట్టే తెలుస్తోంది.

ఈ కార్తీకంలోనే కాలనీ నడిబజారులో ఒక పటం పెట్టి, దీపం వెలిగించి, సాయంత్రం భజన, తెలుగులో పారాయణం మొదలుపెట్టండి. చదివినదానికి అర్థం చెప్పే పని ఇద్దరు ఆడపిల్లలకు అప్పగించు. మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చిన కుటుంబాల పెద్దలను కమిటీలోకి పిలిచి, వాళ్ళొచ్చాకే గుడి స్థలం నిర్ణయించండి. చందాల లెక్క నెలనెలా ఆ పారాయణం దగ్గరే పైకి చదివి వినిపించండి. గోపురం ఎత్తు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం; నా వంతు డబ్బు అప్పుడు పంపుతాను, భజనకు కావలసిన తాళాలూ హార్మోనియమూ మాత్రం ఇప్పుడే కొనిస్తాను.

ఇట్లు,
నీ పెదనాయన