క్రిప్టో సొమ్ము తిరిగి చేతికి రావాలంటే : సీడ్ పదాలు, ప్రైవేట్ కీ గురించి ఒక పాఠం

బులియన్, పత్తి, మిర్చి, పసుపు బేరాలతో పాటు కొన్ని సంవత్సరాలుగా బిట్‌కాయిన్, ఈథర్ వంటి క్రిప్టో నాణేలలో కూడా వర్తకులు కొంత సొమ్ము పెడుతున్నారు. ధర ఎంత పలికిందో రోజూ వాకబు చేసేవారిలో కూడా, ఫోన్ పాడైతే ఆ సొమ్ము ఎట్లా తిరిగి వస్తుందో తెలిసినవారు తక్కువ. ధర పడితే మళ్ళీ లేవవచ్చును. తాళపుచెవి పోతే మాత్రం సరుకు చేతికి రాదు. పైగా తాళం తీసి ఇస్తామని వచ్చేవారి వల్ల మిగిలినది కూడా పోవచ్చును. కాబట్టి ఏది పోయినా సొమ్ము వస్తుంది, ఏది పోతే రాదు అనే సంగతిని ముందుగానే తెలుసుకొని ఉండటం అవసరం.

సరుకు ఎక్కడ ఉంటుంది?

మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజిలో పెట్టినవారికి బాండు ఇస్తారు. బాండు పోయినంత మాత్రాన సరుకు పోదు. గిడ్డంగి యజమానికి మనిషి తెలుసు, ఆయన పుస్తకంలో పద్దు ఉంది. పూచీ పత్రం రాసి ఇచ్చి సరుకు విడిపించుకునే మార్గం ఉంటుంది.

బిట్‌కాయిన్ విషయంలో అటువంటి యజమాని లేడు. 2009 జనవరిలో ప్రారంభమైన నాటి నుంచి ప్రతి లావాదేవీ ఒక బహిరంగ ఆవర్జాలో నమోదవుతున్నది. దాని నకళ్ళు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉన్నాయి. అందులో మనిషి పేరు, ఊరు ఉండవు. చిరునామా అని పిలిచే అక్షరాల వరుస, దానికి చేరిన మొత్తం మాత్రమే ఉంటాయి.

ఆ మొత్తాన్ని కదిలించే అధికారం ప్రైవేట్ కీ ఒక్కదానికే ఉంది. కీ అంటే ఒక రహస్య సంఖ్య. మామూలు అంకెలలో రాస్తే 78 అంకెల దాకా వస్తుంది. కీ తెలిస్తే చిరునామాను లెక్కకట్టవచ్చును గాని, చిరునామా తెలిసినందువల్ల కీని వెనక్కు లెక్కకట్టడం ఏ యంత్రానికీ సాధ్యం కాలేదు. కాబట్టి ఫోన్‌లో గాని, పెన్‌డ్రైవ్ వంటి హార్డ్‌వేర్ వాలెట్‌లో గాని ఉండేది నాణెం కాదు, తాళపుచెవి. దానిని ఇంటర్నెట్‌కు తగలకుండా భద్రపరచడాన్ని ఈ వ్యాపారంలో కూడా కోల్డ్ స్టోరేజి అనే అంటారు.

ఎక్స్ఛేంజిలోనే నాణేలు ఉంచినవారి సంగతి వేరు. అక్కడ కీలు ఎక్స్ఛేంజి చేతిలో ఉంటాయి. పాస్‌వర్డ్ మరచిపోతే గుర్తింపు పత్రాలు చూసి మళ్ళీ ఖాతా తెరుస్తారు. అయితే ఎక్స్ఛేంజికే దెబ్బ తగిలితే ఖాతాదారు వరుసలో నిలబడవలసిందే. టోక్యోలోని మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీయగా, అక్కడి ఖాతాదారులకు బిట్‌కాయిన్ రూపంలో చెల్లింపులు మొదలయ్యేసరికి 2024 జూలై వచ్చింది. మన దేశంలోని వజీర్‌ఎక్స్ నుంచి 2024 జూలైలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను దొంగలు తరలించుకుపోయారు. కీ సొంత చేతిలో ఉంచుకోవాలని కొందరు కోరుకోవడానికి ఇటువంటి ఘటనలే కారణం. ఇక్కడ చెప్పబోయేది అటువంటి వారికోసం.

విత్తనం ఒకటి, కీలు అనేకం

తొలి రోజులలో ఒక్కో చిరునామాకు ఒక్కో కీని విడిగా దాచుకోవలసి వచ్చేది. 2013లో రూపొందిన ఒక ప్రమాణం వల్ల ఆ తిప్పలు తగ్గాయి. వాలెట్ తెరవగానే 12 లేదా 24 మామూలు ఇంగ్లీషు పదాలు కనిపిస్తాయి. వీటినే సీడ్ పదాలు అంటారు. సీడ్ అంటే విత్తనమే. ఒక్క విత్తనం నుంచి పైరంతా వచ్చినట్లు, ఈ పదాల నుంచి ఎన్ని కీలనైనా, ఎన్ని చిరునామాలనైనా అదే వరుసలో మళ్ళీ పుట్టించవచ్చును.

ఈ పదాలను 2048 పదాల పట్టిక నుంచి యంత్రం ఎంపిక చేస్తుంది. మొదటి నాలుగు అక్షరాలు చూస్తే ఏ పదమో తేలిపోయేటట్లు పట్టికను కూర్చారు. పట్టికలు పది ఉన్నప్పటికీ వాటిలో తెలుగు గాని, మరే భారతీయ భాష గాని లేదు. కనుక ఇంగ్లీషు అక్షరాలలోనే, తప్పు లేకుండా రాసుకోవాలి. 'వాక్', 'వాల్' రెండూ పట్టికలో ఉన్నాయి. చివరి అక్షరం అర్థం కాకుండా రాస్తే తరువాత చిక్కు తప్పదు.

చివరి పదంలో కొంత భాగం సరిచూపు లెక్కకు ఉద్దేశించినది. చిట్టా కింద కూడిక వేసి సరిచూసుకున్నట్లే, పదాలు పొరపాటున మారితే వాలెట్ చాలా సందర్భాలలో ఒప్పుకోదు. 12 పదాల వరుసలో ఊహించిన ప్రతి 16 కలయికలలో సుమారు ఒకటి మాత్రమే ఈ పరీక్షలో నెగ్గుతుంది. పోయిన పదాన్ని వెతకడంలో ఇది పెద్ద సహాయం.

ఏది పోతే ఏమి చేయాలి?

ఫోన్ లేదా పరికరం మాత్రమే పోతే : పదాలు కాగితం మీద భద్రంగా ఉంటే నష్టం లేదు. మరొక ఫోన్‌లోనో, కొత్త పరికరంలోనో అవే పదాలు అదే వరుసలో ఇస్తే నిల్వ మళ్ళీ కనిపిస్తుంది. పరికరం దొంగల చేతిలో పడిందనే అనుమానం ఉంటే కొత్త పదాలతో మరొక వాలెట్ తెరిచి, సొమ్మును వెంటనే అందులోకి మార్చుకోవాలి.

పదాలలో ఒకటి రెండు చెరిగిపోతే : 12 పదాలలో ఏ స్థానంలోని పదం పోయిందో తెలిసి, ఒకటే పోతే పరీక్షించవలసినవి 2,048. సరిచూపు లెక్క తరువాత సుమారు 128 మిగులుతాయి. రెండు పోతే సుమారు 2,62,000 మిగులుతాయి. ఇది కూడా మామూలు కంప్యూటరుకు భారం కాదు. మూడు పోతే 53 కోట్లు దాటుతాయి. నాలుగు పోతే లక్ష కోట్లకు పైబడతాయి.

పదాలన్నీ ఉండి వరుస తప్పితే : 12 పదాలను 47,90,01,600 విధాలుగా పేర్చవచ్చును. సరిచూపు తరువాత సుమారు 3 కోట్లు మిగులుతాయి. వీటిని యంత్రం వెతకగలదు. 24 పదాల వరుస పూర్తిగా తప్పితే మాత్రం ఆశ వదులుకోవలసిందే.

ఈ వెతుకులాటలో దొరికినది అసలైనదో కాదో తేల్చడానికి పాత చిరునామా ఒకటైనా తెలిసి ఉండాలి. ఎక్స్ఛేంజి నుంచి సొమ్ము మార్చినప్పటి రసీదులో అది ఉంటుంది. చిరునామా రహస్యం కాదు గనుక దానిని ఖాతా పుస్తకంలో రాసుకున్నా ప్రమాదం లేదు.

పదాలు సరిగ్గా ఉన్నా నిల్వ సున్నా చూపితే : కంగారు పడరాదు. దీనికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, ఒకే విత్తనం నుంచి కీలు పుట్టించడానికి వేరువేరు దారులు ఉన్నాయి. పాత బిట్‌కాయిన్ చిరునామా 1తో మొదలైందా, 3తో మొదలైందా, బి.సి.1తో మొదలైందా అన్నదాన్ని బట్టి సరైన దారిని ఎంచుకోవాలి. రెండవది, కొందరు పదాలకు తోడు సొంతంగా ఒక అదనపు రహస్య పదం పెట్టుకుంటారు. దానిని ఒక్క అక్షరం తప్పుగా ఇచ్చినా వాలెట్ తప్పు అని చెప్పదు. ఖాళీగా ఉన్న వేరొక ఖాతాను చూపుతుంది. మూడవది, ఎలక్ట్రమ్ వంటి కొన్ని వాలెట్లు తమ పదాలకు వేరే పద్ధతి పాటిస్తాయి. ఆ పదాలను అదే వాలెట్‌లో తెరవాలి.

పాత కంప్యూటర్ ఫైలు ఉండి పాస్‌వర్డ్ మరచిపోతే : ముందుగా ఆ ఫైలుకు రెండు మూడు నకళ్ళు తీసి, నకలు మీదనే ప్రయత్నించాలి. గుర్తున్న ముక్కలు, ఆ రోజులలో వాడిన పేర్లు, అంకెలు, పెద్ద చిన్న అక్షరాల అలవాటు అన్నీ కాగితం మీద రాసుకుంటే వెతకవలసిన పరిధి తగ్గుతుంది.

పదాలు, ఫైలు, కీ మూడూ లేకపోతే : మార్గం లేదు. 12 పదాలకు సాధ్యమైన కలయికల సంఖ్య 39 అంకెలు గలది. దానిని వెతికి పట్టుకుంటామనే మాట నమ్మదగినది కాదు.

దొరికినవారు, దొరకనివారు

2013లో ఒక యూరప్ వాసి రోబోఫామ్ అనే సాధనంతో 20 అక్షరాల పాస్‌వర్డ్ తయారు చేసి, 43.6 బిట్‌కాయిన్లు దాచాడు. ఆ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు చెడిపోయింది. ఆ నాటి రోబోఫామ్ కంప్యూటర్ గడియారంలోని తేదీ, సమయాలను బట్టి పాస్‌వర్డ్ తయారు చేసేదని ఇద్దరు ఇంజనీర్లు కనిపెట్టారు. గడియారాన్ని వెనక్కు తిప్పి వెతకగా అది 2013 మే 15న తయారైనట్లు తేలి, సొమ్ము దక్కింది. ఈ వివరాలు 2024 మేలో వెల్లడయ్యాయి. ఇక్కడ తాళం పగలలేదు. వెతకవలసిన పరిధి చిన్నదైంది, అంతే.

మరొకవైపు, బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌లో 2013లో ఒక కంప్యూటర్ ఇంజనీరు హార్డ్ డిస్క్ చెత్తలోకి పోయింది. సుమారు 8,000 బిట్‌కాయిన్ల కీ అందులో ఉన్నదని ఆయన చెబుతాడు. చెత్త గుట్టను తవ్వనివ్వాలంటూ వేసిన దావాను హైకోర్టు 2025 జనవరిలో కొట్టివేసింది. ఆ నాణేలు ఆవర్జాలో అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. కదిలించే తాళపుచెవి మాత్రం లేదు.

సహాయం చేస్తామనేవారితో జాగ్రత్త

సొమ్ము పోయినవారి దగ్గరకే రెండవ దొంగ వస్తాడు. కొంత రుసుము ముందుగా పంపితే నాణేలు వెనక్కు తెప్పిస్తామనేవారు, 'సరిచూడటానికి' పదాలు చెప్పమనేవారు ఎక్కువయ్యారు. పదాలు తెలిసినవాడే సొమ్ముకు యజమాని. వాలెట్ తయారు చేసిన కంపెనీకి గాని, బ్యాంకుకు గాని, పోలీసులకు గాని ఆ పదాలతో పని లేదు.

సగం పదాలే చెప్పాం గదా అనుకోవడం కూడా పొరపాటు. 2020 జూన్‌లో ఒక బహిరంగ పోటీలో 12 పదాలలో 8 తెలియగానే, ఒక ప్రోగ్రామర్ అద్దె యంత్రాలతో లక్ష కోట్ల కలయికలను సుమారు 30 గంటలలో పరీక్షించి, ఒక బిట్‌కాయిన్ బహుమతి గెలుచుకున్నాడు. నిజాయితీపరుడు చేయగలిగిన పని దొంగ కూడా చేయగలడు.

మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. అయితే 2022 నుంచి అమలులో ఉన్న పన్ను నిబంధనల ప్రకారం క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉండగా, క్రిప్టో బేరంలో వచ్చిన నష్టాన్ని ఇతర ఆదాయంతో సర్దుబాటు చేసుకునే వీలు లేదు. మిర్చిలో వచ్చిన లాభంతో దీనిని సరిపెట్టుకోవటం కుదరదన్న మాట.

ఇంటివారికి తెలియాలి

కెనడాలోని క్వాడ్రిగా సి.ఎక్స్. అధిపతి జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో మరణించారు. కీలు ఆయన ఒక్కరికే తెలుసునని, అందువల్ల చెల్లింపులు చేయలేకపోతున్నామని సంస్థ మొదట ప్రకటించింది. తీరా చూస్తే ప్రధానమైన కోల్డ్ వాలెట్లు ఆయన మరణానికి నెలల ముందే ఖాళీ అయినట్లు తేలింది. ఇది మోసమని ఒంటారియో సెక్యూరిటీల కమిషన్ 2020లో నిర్ధారించింది. నష్టపోయినవారు 76 వేల మందికి పైగా ఉన్నారు. కీ ఒక్కరి చేతిలోనే ఉంటే నిజం ఏదో, అబద్ధం ఏదో కూడా బయటివారికి తెలియదనడానికి ఇది నిదర్శనం.

వర్తకుని ఇంట్లో కూడా ఇదే చిక్కు వస్తుంది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటాడు. వాలెట్‌కు ఉండడు. వారసత్వ పత్రం కోర్టు ఇవ్వగలదు గాని, కీని ఇవ్వలేదు.

గుర్తుంచుకోవలసినవి

1. పదాలను చేతితో, స్పష్టంగా, స్థానాల నంబర్లతో రాసి రెండు చోట్ల దాచాలి. ఫోటో తీయరాదు, వాట్సాప్‌లో గాని ఈమెయిల్‌లో గాని పంపరాదు.

2. పెద్ద మొత్తం వేసే ముందు కొద్ది మొత్తం వేసి, వాలెట్‌ను చెరిపి, పదాలతో మళ్ళీ తెరిచి చూడాలి. ఈ పరీక్ష చేయని కాగితానికి విలువ కట్టలేము.

3. వాలెట్ పేరు, తెరిచిన సంవత్సరం, ఒక చిరునామా, అదనపు రహస్య పదం ఉన్నదో లేదో విడిగా రాసి ఉంచాలి.

4. పదాలు ఉన్న చోటు ఇంట్లో నమ్మకమైన ఒకరికైనా తెలియాలి.

5. పదాలు ఒక్కసారి ఇతరుల కంట పడితే, ఆ రోజే కొత్త పదాల వాలెట్‌కు సొమ్ము మార్చాలి.

తూకం వేయకుండా ఎవరూ సరుకు దించుకోరు. క్రిప్టోలో పదాలతో వాలెట్‌ను ఒకసారి మళ్ళీ తెరిచి చూడటమే తూకం. ఆ పని సొమ్ము పెట్టే ముందు చేయవలసినదే గాని, పోయిన తరువాత చేయదగినది కాదు.